సంతకం

నవంబరు వచ్చిందంటే మా పిన్నిని బ్యాంకుకి తీసుకెళ్ళే డ్యూటీ నాది. బాబాయి రైల్వేలో చేసి పోయారు. ఆ పెన్షను పిన్నికి వస్తుంది. బతికే ఉన్నానని ఏటా ఒకసారి చెప్పుకోవాలి కదా. ఇప్పుడు మెషీను మీద వేలు పెడితే చాలు గానీ, పిన్ని వేళ్ళ గీతలు అరిగిపోయి మెషీను ఒప్పుకోదు. 75 ఏళ్ళు వచ్చాయి, ఆ వేళ్ళతో ఎన్ని అంట్లు తోమిందో, ఎన్ని బట్టలు ఉతికిందో! అందుకని కౌంటర్లో అమ్మాయి కాగితం ఇచ్చి "ఇక్కడ సంతకం పెట్టండి మామ్మగారూ" అంటుంది. పిన్ని నవ్వేసి బొటనవేలు చాపుతుంది. వాళ్ళు ఇంకు ప్యాడ్ కోసం సొరుగులన్నీ వెతుకుతారు. పని అయ్యాక ఇంటికి వచ్చేదాకా పిన్ని చీరచెంగుతో ఆ వేలు తుడుచుకుంటూనే ఉంటుంది.

"మా అమ్మ ఉంటే నేనూ చదువుకుందునే" అంది ఈసారి ఆటోలో. "రెండో తరగతిలో నాకే ఎక్కువ మార్కులు, తెలుసా?"

"చిన్నమ్మమ్మకి ఏమైంది పిన్నీ?" అని అడిగాను, తెలియనట్టు.

"కడుపునొప్పొచ్చి పోయింది కదే. రాత్రి పడుకుంది, తెల్లారేసరికి లేదు."

నేనేమీ మాట్లాడలేదు. వాళ్ళమ్మకి వచ్చింది ఏ కడుపునొప్పో నాకు తెలుసు. 1995లో మా అమ్మ చెప్పింది. పిన్నికి మాత్రం ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. ఈ వయసులో నేనూ చెప్పను. పిన్ని చదవదు కాబట్టే ఇది రాయగలుగుతున్నాను. ఆవిడ చదవలేకపోవడానికి కారణం కూడా ఇదే కాబట్టి రాయాలనిపిస్తోంది.

1995 సంగతి ముందు చెప్పాలి.

అప్పటికి మా పెద్దదానికి ఎనిమిదో నెల. మావారు నాగపూర్‌లో ఉద్యోగం, నేను తెనాలిలో అత్తగారింట్లో. ఆయనకి క్వార్టర్స్ వచ్చాక తీసుకెళ్తాననేవారు. మే నెలలో సెలవు మీద వచ్చి వెళ్ళారు. పాలిస్తున్నంతకాలం మళ్ళీ కడుపు రాదని అందరూ చెప్పేవాళ్ళు, నేనూ నమ్మాను. (ఇది చదివే చిన్నవాళ్ళెవరైనా ఉంటే, దయచేసి నమ్మకండి.) నెల తప్పింది. అనుమానం వచ్చి, అమ్మకి ఒంట్లో బాగాలేదని అత్తయ్యతో అబద్ధం చెప్పి పుట్టింటికి వెళ్ళి ల్యాబులో పరీక్ష చేయించుకున్నాను. ఉంది.

నా పరిస్థితి ఏమిటంటే, పెద్దదాని కాన్పులో చాలా రక్తం పోయింది. మెట్లెక్కితే కళ్ళు తిరిగేవి. పిల్ల రాత్రంతా ఏడ్చేది. పొద్దున్నే పదిమందికి కాఫీలు, టిఫిన్లు. అద్దంలో చూసుకుంటే ఎవరో అనిపించేది. ఇంకో బిడ్డంటే ఇష్టం లేక కాదు. ఇప్పుడు కాదు, అంతే. ఆ "ఇప్పుడు కాదు" అనే మాట నోటితో అనడానికి నాకు మూడు రోజులు పట్టింది. అది కూడా చీకట్లో, డాబా మీద, అమ్మతో.

అమ్మ తిడుతుందనుకున్నాను. కాసేపు ఊరుకుని, "రేపు పొద్దున్న బస్సుకి వెళ్దాం. ఖాళీ కడుపుతో రా" అంది.

వెళ్ళాం. డాక్టరమ్మ చూసింది. ఏడు వారాలు, ఫరవాలేదంది. అంతా అయ్యాక బల్ల దగ్గర నర్సు అడిగింది: "మీవారేరి? ఆయన సంతకం లేకుండా ఇక్కడ చెయ్యరు."

నాగపూర్‌లో ఉన్నారంటే, "అయితే రమ్మనండి" అంది. ఉల్లిపాయలు అయిపోయాయి, రేపు రండి అన్నంత తేలిగ్గా.

రాత్రి పదకొండు దాటితే ఎస్టీడీకి పావు చార్జీ. తమ్ముణ్ణి తోడు తీసుకుని బూత్‌కి వెళ్ళాను. బూత్ అబ్బాయి మావైపు చెవి పెట్టుకుని ఉన్నాడు. ఏం చెప్పాలో తెలియక "ఒంట్లో బాగాలేదు, మీరు రావాలి" అని మాత్రం చెప్పాను. ఆయనకి సెలవు దొరికి, జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చేసరికి పన్నెండు రోజులు పట్టింది. ఏడు వారాలు కాస్తా తొమ్మిది అయ్యాయి. ఆ పన్నెండు రోజులూ అత్తయ్య దగ్గరనుంచి కబురు వస్తుందేమోనని ఒక భయం, వాంతులు పక్కింటివాళ్ళకి వినిపిస్తాయేమోనని ఇంకో భయం. అన్నిటికంటే పెద్ద భయం, ఆయన వద్దంటే?

ఆయన వద్దనలేదు. వచ్చి, విని, "నీకు కష్టంగా ఉందా?" అని ఒక్కమాట అడిగారు. తలూపాను. మర్నాడు ఆసుపత్రిలో సంతకం పెట్టారు. నీలం ఇంకు, పేరు కింద రెండు గీతలు. ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. నా సంతకం తీసుకున్నారో లేదో నాకు గుర్తు లేదు.

లోపల వేరే ఎవరికో జరుగుతోందని మమ్మల్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. మావారు టీ తాగడానికి వెళ్ళారు. నేను వణుకుతున్నాను. అప్పుడు అమ్మ, నా వైపు చూడకుండా, ఎదురుగోడ మీద క్యాలెండర్ చూస్తూ చెప్పింది. "నేనూ చేయించుకున్నానే. తమ్ముడు పుట్టిన ఏడాదికి."

పాతికేళ్ళు ఒకే ఇంట్లో పెరిగాను. నాకు తెలియదు.

అమ్మకి పదిహేనో ఏట పెళ్ళి. ఇరవైయెనిమిదేళ్ళకి మేం నలుగురం. అయిదోసారి నెల తప్పింది 1973లో. దానికి ముందు సంవత్సరమే, 1972 ఏప్రిల్ 1 నుంచి, మన దేశంలో గర్భస్రావం చట్టబద్ధమైంది. చట్టం చేసింది 1971లో. అమ్మకి ఇవేవీ తెలియవు. పేపరు చదివే తీరికా లేదు. ఎర్ర త్రికోణం బొమ్మ ఉన్న సంచీ వేసుకుని ఊళ్ళోకి వచ్చే నర్సమ్మ బావి దగ్గర మాటల్లో, "ఇప్పుడు పెద్దాసుపత్రిలో చేస్తున్నారు, పోలీసులు పట్టుకోరు" అందిట. ఆ ఒక్క ముక్క పట్టుకుని అమ్మమ్మ అమ్మని బస్సెక్కించింది. నాన్నకి చెప్పి ఒప్పించింది కూడా అమ్మమ్మే.

అక్కడ ఒక షరతు పెట్టారట. పిల్లలు పుట్టకుండా ఆపరేషను కూడా చేయించుకుంటానంటేనే ఇది చేస్తామని. ఆ రోజుల్లో చాలాచోట్ల అలాగే ఉండేది. వాళ్ళ టార్గెట్లు వాళ్ళవి. "నాకూ అదే కావాలి గనక సరిపోయింది. పక్క మంచం పిల్ల ఇరవైయేళ్ళు లేవు, దానికి ఇష్టం లేదు, ఏడుస్తూనే వేలిముద్ర వేసింది" అంది అమ్మ.

తర్వాత మెల్లిగా అసలు మాట బయటికొచ్చింది. "అమ్మమ్మ నన్నెందుకు తీసుకెళ్ళిందో తెలుసా? పిన్ని పోయింది ఇందుకే."

అమ్మ పిన్ని అంటే మా చిన్నమ్మమ్మ. అమ్మమ్మ సొంత చెల్లెలు. 1958లో అయిదుగురు పిల్లల తల్లి. ఆరోది వద్దనుకుంది. బొప్పాయికాయ, నల్లనువ్వులు, బెల్లం, ఎవరేం చెబితే అది తింది. ఏదీ పని చెయ్యకపోతే మంత్రసానిని పిలిచింది. మూడోరోజుకి జ్వరం, ఒళ్ళు కాలిపోయింది. అమ్మమ్మ వెళ్ళి బండి కట్టించి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్దామంటే మగవాళ్ళు వద్దన్నారు. డాక్టరు పోలీసులకి చెబుతాడు, పరువు పోతుంది, జైలుకెళ్తాం అని.

ఆ భయం ఉత్తుత్తి భయం కాదు. 1860 నాటి శిక్షాస్మృతిలో, తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప, గర్భం తీయడం నేరం. తీసినవాళ్ళకే కాదు, తీయించుకున్న ఆమెకి కూడా మూడేళ్ళ దాకా జైలు. కడుపులో కదలిక తెలిసిన తర్వాత అయితే ఏడేళ్ళ దాకా. తెల్లదొరలు రాసిపెట్టిన ఆ సెక్షను ఇప్పటికీ ఉంది, నంబరు మారి కొత్త న్యాయసంహితలో 88 అయింది. 1971 చట్టం దానికి ఒక మినహాయింపు మాత్రమే. 1964లో శాంతిలాల్ షా అధ్యక్షతన కమిటీ వేసి, 1966లో ఆ కమిటీ నివేదిక ఇచ్చాక ఆ మినహాయింపు వచ్చింది. ఇలా దొంగచాటుగా చేయించుకుని చచ్చిపోతున్న ఆడవాళ్ళు ఎక్కువైపోయారన్నదే దానికి కారణం. చచ్చిపోయినవాళ్ళలో ఎక్కువమంది పెళ్ళై, పిల్లలున్న మామూలు ఇల్లాళ్ళు. మా చిన్నమ్మమ్మ లాంటివాళ్ళు.

అప్పుడు అమ్మకి పదమూడేళ్ళు. పక్కబట్టలు కాలవకి తీసుకెళ్ళి ఉతికింది తనే. "ఎన్నిసార్లు జాడించినా నీళ్ళు ఎర్రగానే ఉన్నాయే" అంది. అంతే అంది. లోపలనుంచి నర్సు నా పేరు పిలిచింది.

చిన్నమ్మమ్మ పోయేనాటికి మా పిన్నికి ఎనిమిదేళ్ళు. ఆడపిల్లల్లో పెద్దది. చంకలో తమ్ముడు, పొయ్యి మీద గంజి. బడి పలకని గూట్లో పెట్టేశారు. ఇల్లు ఊడ్చి, తమ్ముళ్ళని బడికి పంపి, పదహారో ఏట తానూ పెళ్ళి చేసుకుని వెళ్ళింది. ఆ తమ్ముళ్ళలో ఒకరు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. మంచిదే. పిన్ని మాత్రం అరవై ఏడేళ్ళుగా "మా అమ్మ ఉంటే" అంటూనే ఉంది.

నా సంగతికి వస్తాను. అది పది, పదిహేను నిమిషాల పని. నొప్పి ఉంది, భరించలేనంత కాదు. సాయంత్రానికి ఇంటికి వచ్చాం. విపరీతమైన ఆకలి వేసింది. అమ్మ వేడన్నంలో కారప్పొడి, నెయ్యి కలిపి పెడితే రెండుసార్లు పెట్టించుకు తిన్నాను. ఏడుపు వస్తుందని ఎదురుచూశాను, రాలేదు. ఏడుపు రాలేదేమిటి, నేను మనిషినేనా అని కొన్నాళ్ళు బాధపడ్డాను. గుడికెళ్తే తల ఎత్తి చూడాలంటే ఇబ్బందిగా ఉండేది. ఆ ఇబ్బంది చేసినదానివల్ల కాదు, దాచినదానివల్ల అని చాలా ఏళ్ళకి అర్థమైంది.

ఇలాంటి కథల్లో చివరికి ఆవిడ ఐఏఎస్ అయింది, కంపెనీ పెట్టింది అని ఉంటుంది. నేనేమీ అవలేదు. ఇల్లాలినే. ఆ ఏడాది నేను నిద్రపోయాను. ఐరన్ మాత్రలు మింగాను. పిల్లకి రెండో ఏడు నిండేదాకా పాలిచ్చాను. మరుసటి ఏడాది మావారికి క్వార్టర్స్ వస్తే పిల్లని ఎత్తుకుని నాగపూర్ వెళ్ళిపోయాను. చంకలో రెండు నెలల గుడ్డు ఉండుంటే అత్తయ్య పంపేది కాదు, నాకూ ధైర్యం ఉండేది కాదు. అక్కడ నా వంటిల్లు, నా పోపుల డబ్బా. హిందీ నేర్చుకున్నాను. కూరలు బేరం చేయడం నేర్చుకున్నాను. బ్యాంకులో నా పేరు మీద ఖాతా తెరిచాను. మొదటిసారి విత్‌డ్రాయల్ ఫారం మీద సంతకం పెట్టినప్పుడు మూడు అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 1998లో, నేను కావాలనుకున్నప్పుడు, బాబు పుట్టాడు. వాడు ఇప్పుడు ఆరడుగులు ఉంటాడు, నా చేతి పులిహోర తప్ప ఇంకెవరిదీ తినడు. 1995లో ఆ బెంచీ మీద కూర్చోకపోతే వీడు ఉండేవాడు కాదు. ఇంకొకరు ఉండేవారు, నిజమే. ఆ లెక్క నాకు తెగదు. తెంచాలని కూడా లేదు.

ఇంకొక మాట రాయకపోతే సగమే రాసినట్టు. మా తోడికోడలి విషయం. నా కంటే ఒక సంవత్సరం ముందు, ఆవిడకి ఇద్దరు ఆడపిల్లల తర్వాత మూడోసారి. స్కానింగు చేయించారు. మళ్ళీ ఆడపిల్లేనని తెలిసింది. ఆవిడకి ఉంచుకోవాలని ఉంది. నాలుగు నెలలు దాటాయి, కదలికలు తెలిసే రోజులు. అత్తయ్య, బావగారు కలిసి తీసుకెళ్ళారు. ఆ కాగితం మీద మాత్రం ఆవిడ సంతకం జాగ్రత్తగా తీసుకున్నారట. చేత్తో పట్టుకుని పెట్టించినట్టే అనుకోండి. కడుపులో ఉన్నది ఆడో మగో చూసి చెప్పడం నేరమని 1994లోనే చట్టం చేశారు. అది అమల్లోకి వచ్చింది 1996లో. వచ్చాక కూడా ఎంతకాలం గుట్టుగా నడిచిందో మనందరికీ తెలుసు.

ఈ రెండిటినీ కలిపి "అబార్షన్ పాపం" అని ఒక్క గాటన కట్టేస్తారు. నాకు ఆయన సంతకం కోసం పన్నెండు రోజులు ఆగాల్సి వచ్చింది. ఆవిడని ఒక్కరోజు కూడా ఆగనివ్వలేదు. రెండుచోట్లా అడగాల్సిన మనిషిని అడగలేదు. ఆవిడ ఇప్పటికీ ఆసుపత్రి వాసనంటే ముక్కు మూసుకుంటుంది.

ఇవన్నీ నేను ఎవరితోనూ అనలేదు, 2022 దాకా.

మా పెద్దది, ఆనాటి ఎనిమిది నెలల పిల్ల, ఇప్పుడు డాలస్‌లో ఉంటుంది. 2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు, 1973 నుంచి అక్కడి ఆడవాళ్ళకి ఉన్న గర్భస్రావ హక్కుని కొట్టేసింది. ఇక ఏ రాష్ట్రం ఇష్టం ఆ రాష్ట్రానిది. టెక్సస్‌లో అంతకు ముందు ఏడాదే ఆరు వారాలు దాటితే కుదరదన్నారు. ఆరు వారాలంటే చాలామందికి నెల తప్పిన సంగతే సరిగ్గా తెలియదు. ఈ తీర్పు తర్వాత దాదాపు పూర్తిగా మూసేశారు. అమ్మాయి ఫోనులో, "అమ్మా, మేం ఇద్దరం పిల్లల గురించి ఆలోచిస్తున్నాం. ఏదైనా తేడా వస్తే ఇక్కడ డాక్టర్లు చెయ్యి వేయడానికి భయపడతారేమో అనిపిస్తోంది" అంది.

నాకు వెంటనే సవిత గుర్తొచ్చింది. సవితా హలప్పనవర్, బెళగావి పిల్ల, దంతవైద్యురాలు. 2012లో ఐర్లండ్‌లో, గాల్వే ఆసుపత్రిలో గర్భం నిలవదని తెలిసిపోయాక కూడా, బిడ్డ గుండె కొట్టుకుంటోందని తీయకుండా ఆగితే, ఒళ్ళంతా ఇన్‌ఫెక్షన్ పాకి చనిపోయింది. 31 ఏళ్ళు. అప్పుడు టీవీ ముందు కూర్చుని అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం నాకు గుర్తుంది. సవిత కోసం ఏడుస్తోందనుకున్నాను. కాలవ నీళ్ళు గుర్తొచ్చి ఉంటాయని ఇప్పుడు అనుకుంటున్నాను. 2018లో ఆ దేశం ఓట్లు వేసి ఆ నిషేధాన్ని తీసేసింది. నూటికి 66 మంది పైగా తీసేయమన్నారు. గోడల మీద సవిత బొమ్మ వేసి పూలు పెట్టారు. మన పిల్ల.

అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది. అమెరికాలో డయానా గ్రీన్ ఫాస్టర్ అనే ఆవిడ, ఆవిడతో పనిచేసేవాళ్ళు సుమారు వెయ్యిమంది ఆడవాళ్ళని అయిదేళ్ళపాటు ఆరునెలలకోసారి పలకరించారట. అందరూ గర్భం తీయించుకుందామని వెళ్ళినవాళ్ళే. కొందరికి చేశారు, కొందరిని గడువు దాటిందని వెనక్కి పంపారు. వెనక్కి పంపినవాళ్ళు ఎక్కువమంది అప్పుల్లో, లేమిలో చిక్కుకున్నారు, కొట్టే మగవాడి దగ్గరనుంచి బయటపడలేకపోయారు. ఇంట్లో అప్పటికే ఉన్న పిల్లలకి కూడా కష్టమైంది. చేయించుకున్నవాళ్ళలో అయిదేళ్ళ తర్వాత కూడా నూటికి 95 మంది సరైన పనే చేశామన్నారు. ఇంకో విషయం, అలా వెళ్ళినవాళ్ళలో సగానికి పైగా అప్పటికే తల్లులు.

"అప్పటికే తల్లులు" అన్న మాట దగ్గర నా నోరు ఊరుకోలేదు. చెప్పేశాను. నువ్వు ఎనిమిది నెలల పిల్లవి అని మొదలుపెట్టి, జీటీ ఎక్స్‌ప్రెస్, నీలం ఇంకు, కారప్పొడి అన్నం దాకా.

అటునుంచి చాలాసేపు మాట లేదు. ఫోను కట్టయిందనుకున్నాను. తర్వాత అడిగింది, "అమ్మా, నాన్న సంతకం పెట్టనంటే?"

పెట్టనంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆయన మంచివారు. ముప్పై ఏళ్ళుగా ఆ మంచితనానికి మనసులో దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను.

"అసలు మన చట్టంలో భర్త సంతకం కావాలని ఉందా? చూడు" అంది. అది అడిగిందని చూశాను. కళ్ళజోడు సర్దుకుని, ఫోనులో, రెండు మధ్యాహ్నాలు. ఎక్కడా లేదు. 18 నిండిన ఆడమనిషి ఒప్పుకోలు ఒక్కటే చాలు. 2021లోనో 2022లోనో కొత్తగా కలిపింది కాదు, 1971 చట్టంలోనే ఉంది. నేను బూత్‌లో నిలబడిన రాత్రికి ఆ వాక్యానికి 24 ఏళ్ళు.

ఎంత కోపం వచ్చిందంటే, ఆ సాయంత్రం మావారు కాఫీ అడిగితే గ్లాసు ఠక్కున పెట్టాను. పాపం, ఆయనకి ఎందుకో తెలియదు. తర్వాత చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "నాకూ తెలియదోయ్. నేను పెట్టకపోతే కుదరదన్నారు, పెట్టాను" అన్నారు. ఆయన మీద కాదు నా కోపం.

చట్టం కూడా వెన్నలా ఏమీ లేదు లెండి. "నాకు వద్దు" అనేది ఒక్కటే కారణంగా ఇప్పటికీ చాలదు, డాక్టరు ఒప్పుకోవాలి. మొదట్లో మందులు, సాధనాలు విఫలమైతే అన్నచోట పెళ్ళైన స్త్రీ, ఆమె భర్త అని రాశారు. 2021 సవరణలో అది ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి అని మారింది. 20 వారాల దాకా ఒక డాక్టరు చాలు, కొన్ని పరిస్థితుల్లో ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే 24 దాకా. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెళ్ళికాని అమ్మాయిలకీ ఆ 24 వారాలు వర్తిస్తాయని చెప్పింది. పేరు బయటపెట్టిన డాక్టరుకి శిక్ష కూడా ఉంది.

అందుకే ఇప్పుడు చెప్పబోయే అమ్మాయి పేరు నేనూ రాయను.

మా ఇంట్లో పనిచేస్తుంది. 24 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి పదకొండో నెల. మొగుడు లారీ మీద వెళ్తే ఇరవై రోజులకి గానీ రాడు. పిన్నిని బ్యాంకుకి తీసుకెళ్ళిన వారమే, గిన్నెలు తోముతూ మధ్యలో లేచి పెరట్లోకి పరుగెత్తింది. నాకు తెలిసిపోయింది. నేను అడగలేదు. రెండు రోజులాగి తనే చెప్పింది. వచ్చే నెలనుంచి బట్టల షాపులో పని కుదిరిందిట, పన్నెండు వేలు జీతం. కడుపుతో ఉంటే తీసుకోరు. మందుల షాపుకి వెళ్తే ఒకడు లేవన్నాడు, ఇంకొకడు చీటీ లేకుండా ఇస్తాను గానీ రెట్టింపు అవుతుందన్నాడు. ఈ మాత్రలు మన దేశంలోకి 2002లో వచ్చాయి. సరిగ్గా వాడితే ఎంతో మేలు. కానీ ఎలా వాడాలో చెప్పే మనిషే ఉండరు. 2015లో దేశం మొత్తం మీద కోటీ యాభై ఆరు లక్షల గర్భస్రావాలు జరిగితే, అందులో నూటికి 73 ఆసుపత్రి మొహం చూడకుండా మాత్రలతో జరిగినవే అని ఒక పెద్ద అధ్యయనంలో లెక్క తేలింది.

"మాత్రలు తొమ్మిది వారాల లోపే. నీకు దాటిపోయాయేమో. డాక్టరు దగ్గరికి వెళ్దాం" అన్నాను.

"ఆయన సంతకం కావాలంటారంట కదమ్మా. చెబితే ఉండనీ అంటాడు. పెంచేది నేను కదా."

"అక్కర్లేదు. నీ సంతకం చాలు."

నా మొహం చూసింది, నమ్మనట్టు. నేనూ నా మాట నమ్మినట్టు చెప్పానే గానీ, గుండెలు దడదడలాడుతున్నాయి.

ఆసుపత్రిలో అనుకున్నట్టే అయింది. బల్ల దగ్గర అమ్మాయి కంప్యూటరు మీదనుంచి తలెత్తకుండా "హస్బెండ్ ఆధార్, హస్బెండ్ సంతకం" అంది. ముప్పై ఏళ్ళ తర్వాత అదే మాట. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆమెకి 24 ఏళ్ళమ్మా. ఆమె సంతకం ఒక్కటే కావాలని చట్టంలో ఉంది. మీ దగ్గర ఫారం సి ఉంటుంది, అది ఇవ్వండి."

"మా రూల్ అది మేడం. రేపు ఆయనొచ్చి గొడవ చేస్తే ఎవరు చెప్పుకుంటారు?"

అదీ నిజమే. వాళ్ళ భయం వాళ్ళది. చుట్టాలు పదిమంది వచ్చి అద్దాలు పగలగొడితే, పోలీసులు వస్తే, స్కానింగు కేసేమోనని ఎవరైనా రాసిపెడితే. కానీ ఆ భయం ఖరీదు ఎప్పుడూ బల్లకి ఇటువైపు నిలబడ్డవాళ్ళే కడుతున్నారు. "డాక్టరుగారిని ఒకసారి అడగండి" అని కదలకుండా నిలబడ్డాను. వెనక క్యూలో ఉన్న ఆడవాళ్ళు వింటున్నారు. విననీ అనుకున్నాను. ఒకావిడ, నా వయసే ఉంటుంది, "నిజమా అండీ, మొగుడి సంతకం అక్కర్లేదా?" అని మెల్లిగా అడిగింది. "నిజమేనండి" అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. పర్సు గట్టిగా పట్టుకుని నేల చూస్తూ ఉండిపోయింది.

డాక్టరు చిన్నపిల్ల, మా అమ్మాయి వయసు. తానే బయటికి వచ్చి, "అవసరం లేదు ఆంటీ, మావాళ్ళు అలవాటుకొద్దీ అడుగుతారు" అని చెప్పి, మా అమ్మాయిని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసింది. నన్ను మాత్రం రావద్దంది. "ఆమెతో ఒక్కదానితో మాట్లాడాలి" అంది. కాస్త చిన్నబుచ్చుకున్నాను గానీ, అదే సరైనది.

పావుగంటకి బయటికి వచ్చింది. పది వారాలట. మర్నాడు పొద్దున్న రమ్మన్నారట. నర్సు కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి, ఏం రాసుందో తెలుగులో చదివి చెప్పింది. నేను పెన్ను ఇచ్చాను. మా అమ్మాయి చున్నీకి చెయ్యి తుడుచుకుని, వంగి, ఒక్కో అక్షరం ఆగి ఆగి, ఇంటిపేరుతో సహా రాసింది. పదో తరగతి చదివిన పిల్ల, దస్తూరీ గుండ్రంగా ఉంది.

"ఇంకెక్కడైనా పెట్టాలా మేడం?" అని అడిగింది.

నర్సు కాగితం తిప్పి చూసింది. "లేదు, ఇంతే."